చక్రవర్తి వేలు బయటపెట్టిన నిజం

గౌట్ అంటే కాలి బొటనవేలి నొప్పే అనుకుంటాం కదా? అది చేతుల్నీ వదలదు.

16వ శతాబ్దంలో స్పెయిన్ నుంచి అమెరికా దాకా ఏలిన చక్రవర్తి ఐదవ చార్లెస్ కథ చూడండి. మాంసం, బీరు తగ్గించమని వైద్యులు మొత్తుకున్నా వినలేదు. 1555లో బ్రస్సెల్స్‌లో గద్దె దిగిన రోజు ఒకరి భుజం పట్టుకుని నిలబడ్డాడు. 1558లో చనిపోయాడు.

విడిగా భద్రపరిచిన ఆయన వేలి ముక్కను శాస్త్రవేత్తలు పరీక్షించి, 2006లో ఫలితం ప్రచురించారు. యూరిక్ యాసిడ్ స్ఫటికాలు పేరుకుపోయి వేలి చివరి కీలును పూర్తిగా తినేశాయి. అంత సామ్రాజ్యాన్ని శాసించిన చెయ్యి అది!

ఆయనకు యూరిక్ యాసిడ్ తగ్గించే మందు లేదు. మనకుంది. వేళ్లో, మణికట్టో వాచి మండుతుంటే పెయిన్ కిల్లర్ వేసుకుని ఊరుకోకండి, డాక్టర్‌కి చూపించండి.