టేపులో నా భుజం

ఫ్యామిలీ కౌన్సెలింగ్ నేర్చుకునే రోజుల్లో నా మొదటి వీడియోలో నాకు బాగా కనిపించింది నా భుజం. ఎదురుగా తండ్రి, తల్లి, పదో తరగతి తప్పిన కొడుకు. గంటసేపూ నా కుర్చీ తండ్రివైపే తిరిగి ఉంది. తల్లి రెండుసార్లు మాట్లాడబోయింది. రెండుసార్లూ నేను ఆయన్నే ఏదో అడిగాను. ఆ సాయంత్రం రాసుకున్న నోట్సులో మాత్రం ‘ముగ్గురి మాటా విన్నాను’ అని ఉంది. అబద్ధం రాయలేదు, అలాగే జరిగిందనుకున్నాను. మా మేడమ్ ఏమీ అనలేదు. టేపు వెనక్కి తిప్పి, సౌండ్ తీసేసి మళ్లీ పెట్టారు.

ఇలా రికార్డు చేసుకుని నేర్చుకునే పద్ధతి ఎక్కడ మొదలైందా అని ఆ తర్వాత పట్టుబట్టి చదివాను. అంతకుముందు శిష్యుడు గుర్తున్నంత చెప్పేవాడు, గురువు నమ్మేవాడు. 1940 ప్రాంతంలో అమెరికాలో, ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ కౌన్సెలింగ్ మాటల్ని గ్రామఫోన్ రికార్డులకెక్కించాడు. ఒక్కో వైపు దాదాపు మూడు నిమిషాలే పట్టేది. 1942లో తన పుస్తకంలో ఒక కేసు తాలూకు ఎనిమిది సమావేశాలనూ అచ్చువేశాడు. అయితే కుటుంబం దగ్గర గొంతొక్కటే చాలదు. పిల్లాడు జవాబు చెప్పేముందు ఎవరి ముఖం చూశాడో చెవికి అందదు.

అందుకే అద్దం వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలోని విల్ట్‌విక్ స్కూల్లో ఫ్యామిలీ థెరపిస్టు సాల్వడార్ మినూచిన్ బృందం, ఒకవైపు నుంచే కనిపించే అద్దం వెనక కూర్చుని ఒకరి పని ఒకరు చూసుకునేది. 1965లో ఆయన ఫిలడెల్ఫియా చైల్డ్ గైడెన్స్ క్లినిక్ డైరెక్టరయ్యాడు. విల్ట్‌విక్ సహచరుడు బ్రౌలియో మోంటాల్వో ఆయనతోనే ఉన్నాడు, 1967లో మరో థెరపిస్టు జే హేలీ చేరాడు. అద్దానికి తోడు వీడియో టేపూ వచ్చింది.

అక్కడ వాళ్లు చేసిన ఒక పని నాకు ప్రాణం. కాలేజీ గడప తొక్కని నల్లజాతి, ప్యూర్టోరికన్ పేదలను ఎంచుకుని థెరపిస్టులుగా తయారుచేశారు. పక్కనే ఉండి చూస్తూ, టేపు తిప్పి మాట్లాడుతూ నేర్పారు. నోట్సు చక్కగా రాయగలవాడే మంచి థెరపిస్టన్న లెక్క అక్కడ చెల్లలేదు. తల్లి కళ్లు తుడుచుకుంటున్నప్పుడు మనిషి ఏం చేశాడన్నదే లెక్క. డిగ్రీలున్న మాలో ఎంతమంది ఆ పరీక్షకు నిలుస్తామో!

ఇప్పుడు నేనూ నేర్పుతున్నాను. ఎవరు చూస్తారో, ఎప్పుడు చెరిపేస్తామో కుటుంబానికి చెప్పి సంతకం తీసుకోనిదే కెమెరా పెట్టనివ్వను. మొదటి ఐదు నిమిషాలు సౌండ్ లేకుండానే చూపిస్తాను.

ఆ మొదటి వీడియో తర్వాతి వారం, ఆ కుటుంబం రాకముందే నా కుర్చీ జరుపుకున్నాను. తల్లి చాలాసేపు కొంగు చివర మడతపెడుతూ కూర్చుంది. తర్వాత, భర్తవైపు చూడకుండా, “వాడు తప్పింది చదవక కాదండీ” అంది.