పొగ లేని పొయ్యి – సర్కారు సాయం



నిప్పు లేనిదే పొగ రాదంటారు. నిప్పున్నా వంటింట్లో పొగ నిలవకుండా చెయ్యవచ్చునని మన హైదరాబాదులోనే చూపించారు. అక్కడి ఇంజనీరింగు పరిశోధనాలయంలో డాక్టరు ఎస్.పి. రాజుగారు మట్టితో పొగగొట్టం పొయ్యి తయారుచేసి, 1953లో దాన్ని గురించి ఒక పుస్తకం కూడా ప్రచురించారు. మామూలు పొయ్యిలో వేడి చాలా భాగం గాలిలో కలిసిపోతుంది. ఈ పొయ్యిలో ఒకే మంట వేడి రెండు మూడు గిన్నెల కింద పారుతుంది. పొగ గొట్టం గుండా ఇంటి బయటికి పోతుంది. కట్టెలూ కలిసివస్తాయి, కళ్లూ మండవు.

1983 చివర కేంద్ర ప్రభుత్వం దేశమంతటా ఇటువంటి మెరుగైన పొయ్యిలు వేయించ పూనుకున్నది. ఖర్చులో సగమో, అంతకు మించో సబ్సిడీగా భరించింది. 2002లో కేంద్రం ఆ పథకాన్ని విరమించేనాటికి సుమారు మూడున్నర కోట్ల పొయ్యిలు వేసినట్లు లెక్క.

మరి అవన్నీ మండుతూ ఉన్నాయా? లేదు. చాలా ఇళ్లలో గొట్టం మసితో పూడింది, మట్టి బీటలు వారింది, బాగుచేసే మనిషి కరువయ్యాడు. ఇల్లాలు మళ్లీ పాత పొయ్యి దగ్గరికే చేరింది. డబ్బు కట్టడానికి అందింది గాని, కాపాడటానికి అందలేదు.

విస్తరణ కార్యకర్తలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. గోబర్ గ్యాసుకైనా, ఇంటిమీది సౌర పలకలకైనా సబ్సిడీ ఇప్పించేటప్పుడే, తరువాత శుభ్రం చేసేదెవరో, మరమ్మతుకు ఎవరిని పిలవాలో ఇంటివారితో తేల్చుకోండి. ఏడాది తిరిగాక ఒకసారి వెళ్లి, అది పని చేస్తున్నదో లేదో చూసి రండి.