ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం: కాజిల్‌బార్, మేయో కౌంటీ

ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉంది. చాలామంది పొరబడేట్టు అది ఐరోపా సమాఖ్య కోర్టు కాదు. 1949లో పది దేశాలు కలిసి పెట్టుకున్న ఐరోపా మండలికి చెందినది. ఆ పదింటిలో ఐర్లండ్ ఒకటి. ఐర్లండ్ పశ్చిమాన ఉన్న మేయో కౌంటీకి కాజిల్‌బార్ ముఖ్యపట్టణం. ఆ పట్టణానికీ స్ట్రాస్‌బర్గ్‌కూ మధ్య సముద్రాలే ఉన్నాయి. అయినా ఐర్లండ్‌కు వ్యతిరేకంగా ఆ కోర్టుకు వెళ్లిన పెద్ద కేసుల కథలో ఈ కౌంటీ మనుషులు అడుగడుగునా ఎదురవుతారు. కొందరు కేసు వేసినవారి పక్కన నిలిచారు, కొందరు తీర్పును పక్కన పెట్టారు, మరికొందరు దాన్ని చట్టంగా మార్చారు.

కోర్టు లేని కాలం

హక్కుల మాట కాజిల్‌బార్‌కు కొత్త కాదు. 1798 ఆగస్టు 27న ఫ్రెంచి సేనాని అంబేర్ సైన్యం, ఐరిష్ తిరుగుబాటుదారులు కలిసి ఇక్కడ బ్రిటిష్ సేనను తరిమారు. నాలుగు రోజులకు కానక్ట్ గణతంత్రాన్ని ప్రకటించి జాన్ మూర్‌ను అధ్యక్షుణ్ణి చేశారు. అది రెండు వారాలు కూడా నిలవలేదు. 1879 ఆగస్టు 16న మైకేల్ డావిట్ పూనికతో మేయో భూ సంఘం పుట్టింది కూడా ఈ ఊళ్లోనే. కౌలు రైతును ఇష్టమొచ్చినప్పుడు వెళ్లగొట్టే భూస్వామి అధికారాన్ని అది సవాలు చేసింది. రెండు నెలలకు అదే దేశవ్యాప్త సంఘమైంది.

అయితే ఆ పోరాటాలు గుంపు బలం మీద నడిచినవి. గుంపు ఒకవైపు, ఒంటరి మనిషి మరోవైపు ఉంటే ఏం జరుగుతుందో 1930లో తేలింది. నియామకాల సంఘం కౌంటీ గ్రంథాలయాధికారిగా లెటీషియా డన్‌బార్-హారిసన్‌ను ఎంపిక చేసింది. ఆమె ప్రొటెస్టెంటు, డబ్లిన్ ట్రినిటీ కళాశాలలో చదువుకున్నారు. ఆమెకు ఐరిష్ భాష చాలినంత రాదంటూ మేయో కౌంటీ కౌన్సిల్ ఒప్పుకోలేదు. అసలు అభ్యంతరం మతమేనని ఎవరికీ తెలియనిది కాదు. ప్రభుత్వం కౌన్సిల్‌ను రద్దు చేసి, కమిషనర్‌ను పెట్టి, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టింది. జనం పుస్తకాలు తీసుకోవడం మానేశారు. సుమారు ఏడాదికి ఆమెను డబ్లిన్‌లోని రక్షణ శాఖ గ్రంథాలయానికి బదిలీ చేసి సర్కారు చేతులు దులుపుకుంది. నా దేశం నన్ను కాపాడలేదు అని చెప్పుకోవడానికి దేశం దాటి వెళ్లే గడప అప్పట్లో లేదు.

సంతకం, తొలి కేసు

ఆ గడప 1950లో తయారైంది. నవంబరు 4న రోమ్‌లో ఐరోపా మానవ హక్కుల ఒడంబడికపై ఐర్లండ్ తరఫున విదేశాంగ మంత్రి షాన్ మెక్‌బ్రైడ్ సంతకం చేశారు. ఆయన తండ్రి మేజర్ జాన్ మెక్‌బ్రైడ్ కాజిల్‌బార్ పక్కనే ఉన్న వెస్ట్‌పోర్ట్‌వారు. 1916 తిరుగుబాటు తరువాత బ్రిటిష్‌వారు ఆయన్ను కాల్చి చంపారు. ఒడంబడిక 1953 సెప్టెంబరు 3న అమల్లోకి వచ్చింది. వ్యక్తి నేరుగా ఫిర్యాదు చేసే వీలును, కోర్టు అధికారాన్ని రెంటినీ ఒప్పుకోవడం అప్పట్లో ఆయా దేశాల ఇష్టం. ఐర్లండ్ మొదటి నుంచే రెంటికీ తలూపింది. బ్రిటన్ ఆ పని 1966 దాకా చేయలేదు.

ఆ ఉత్సాహానికి ఫలితం తొందరగానే ఎదురైంది. న్యాయస్థానం 1959లో ఏర్పడింది. దాని మొట్టమొదటి కేసే ఐర్లండ్ మీద పడింది, అదే లాలెస్ కేసు. సాయుధ సంస్థ ఐఆర్ఏ సభ్యుడన్న అనుమానంతో 1957 జూలైలో పట్టుకున్న లాలెస్ అనే యువకుణ్ణి విచారణ లేకుండా డిసెంబరు దాకా కరా సైనిక శిబిరంలో ఉంచారు. అతని తరఫు న్యాయవాది మరెవరో కాదు, ఒడంబడికపై సంతకం చేసిన మెక్‌బ్రైడే. ఐర్లండ్ సుప్రీంకోర్టులో మాత్రం ప్రధాన న్యాయమూర్తి కానర్ మగ్వైర్ ఒడంబడిక ఆధారంగా చేసిన వాదాన్ని తోసిపుచ్చారు. పార్లమెంటు ఒడంబడికను దేశీయ చట్టంగా చేయలేదు కనుక ఇక్కడి కోర్టులో అది పనికిరాదన్నారు. మగ్వైర్ పుట్టిందీ మేయోలోనే. ఆ మాట అన్నాయనే 1965లో స్ట్రాస్‌బర్గ్ న్యాయమూర్తి అయ్యారు!

రెనే కసాన్ అధ్యక్షతన 1961 జూలై 1న తుది తీర్పు వచ్చింది. మనిషిని నిర్బంధిస్తే న్యాయమూర్తి ముందు నిలబెట్టాల్సిందేనని 5వ అధికరణానికి కోర్టు అర్థం చెప్పింది. కానీ దేశ మనుగడకే ముప్పు వచ్చిన అత్యవసర స్థితిలో ఆ బాధ్యత నుంచి మినహాయింపు తీసుకోవచ్చునని 15వ అధికరణం చెబుతోంది. ఐర్లండ్ ఆ మినహాయింపును సరిగానే తీసుకుందని కోర్టు తేల్చింది. కేసు వేసిన మనిషి ఓడాడు. అయినా అత్యవసర స్థితి ఉందో లేదో తేల్చడంలో ప్రభుత్వ మాటే చివరి మాట కాదని, దాన్ని తాము పరీక్షిస్తామని కోర్టు ఆ తీర్పుతోనే స్థాపించుకుంది. పదిహేనేళ్ల తరువాత, 1976లో, ఎమర్జెన్సీ నిర్బంధాలపై మన భారత సుప్రీంకోర్టు జబల్‌పూర్ కేసులో ఆ పరీక్షే మాకొద్దు అనడం చూసినవారికి దీని విలువ తెలుస్తుంది.

ఆ రోజుల్లో ఐర్లండ్ న్యాయశాఖలో పార్లమెంటరీ కార్యదర్శిగా ఉన్న చార్ల్స్ హాహీ 1925లో కాజిల్‌బార్‌లో పుట్టారు. తండ్రి సైన్యాధికారిగా అక్కడ పనిచేస్తున్న రోజులవి. తీర్పు వచ్చిన మూడు నెలలకు హాహీ న్యాయశాఖ మంత్రి అయ్యారు. ఆయన పేరు మళ్లీ వస్తుంది.

కాగితం మీది హక్కు

హక్కుల వ్యాఖ్యానంలో ఈ కోర్టు వేసిన పెద్ద అడుగు ఏరీ కేసు. కోర్క్‌కు చెందిన ఏరీ అనే గృహిణిని భర్త కొట్టేవాడు. 1972లో ఆ నేరానికి అతనికి పడిన జరిమానా 25 పెన్నీలు. ఐర్లండ్ రాజ్యాంగం అప్పట్లో విడాకులను నిషేధించింది. భర్త నుంచి వేరుగా ఉండేందుకు హైకోర్టు ఉత్తర్వు తెచ్చుకోవచ్చు, కానీ ఎదుటివాడు పోటీ పడకపోయినా ఖర్చు 500 నుంచి 700 పౌండ్లు. న్యాయ సహాయం లేదు. హైకోర్టు తలుపులు ఆమెకూ తెరిచే ఉన్నాయి, తానే వాదించుకోవచ్చు కదా అన్నది ప్రభుత్వ సమాధానం. 1972 నుంచి 1978 వరకు అలాంటి 255 వ్యాజ్యాల్లో ఒక్కటంటే ఒక్కదానిలోనూ లాయరు లేనివారు లేరని కోర్టు గమనించింది.

ఒడంబడికలోని 6వ అధికరణం నేర విచారణలో ఉన్నవారికే ఉచిత న్యాయ సహాయాన్ని పేర్కొంటుంది. సివిల్ వ్యాజ్యాల ఊసే ఎత్తదు. అయినా 1979 అక్టోబరు 9న కోర్టు ఐర్లండ్‌ను తప్పుపట్టింది. హక్కు పుస్తకంలో ఉండటం చాలదు, చేతికి అందాలి, పని చేయాలి అని దాని తర్కం. అంతకు ముందటి ఏడాదే టైరర్ కేసులో ఒడంబడిక కాలంతో పాటు పెరిగే పత్రమని, 1950 నాటి కళ్లతో చదవకూడదని చెప్పింది. ఈ రెండు మాటలూ కలిసి కొన్ని పేజీల ఒడంబడికను ఇంత పెద్ద న్యాయశాస్త్రంగా పెంచాయి. అదే 1979లో మన దగ్గర హుస్సేనారా ఖాతూన్ కేసులో జస్టిస్ భగవతి పేద ఖైదీలకు ఉచిత న్యాయ సహాయాన్ని భారత రాజ్యాంగంలోని 21వ అధికరణంలో భాగం చేశారు. ఒకరి తీర్పు మరొకరికి ఆధారం కాకుండానే ఇద్దరూ ఒకే చోటికి చేరారు.

ఏరీ కేసు వాదించిన న్యాయవాది మేరీ రాబిన్‌సన్. ఆమె పుట్టింది మేయోలోని బాలినాలో. తీర్పు తరువాత 1980లో సివిల్ న్యాయ సహాయ పథకం మొదలైంది. దానికి చట్టబలం రావడానికి మాత్రం 1995 దాకా పట్టింది. నేడు కాజిల్‌బార్‌లోనూ లీగల్ ఎయిడ్ బోర్డు కేంద్రం ఉంది.

నోరిస్ కేసు

పెద్దలైన మగవాళ్లు తమ ఇష్టంతో ఒకటైతే 1861, 1885 నాటి విక్టోరియా చట్టాలు దాన్ని నేరంగా చూసేవి. ట్రినిటీ అధ్యాపకుడు డేవిడ్ నోరిస్ ఆ చట్టాలను సవాలు చేశారు. 1983లో ఐర్లండ్ సుప్రీంకోర్టు ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపుగా ఆయన్ను ఓడించింది. స్ట్రాస్‌బర్గ్‌లో ఆయన వైపు నిలిచింది కూడా రాబిన్‌సనే. తనపై ఎవరూ కేసు పెట్టకపోయినా, ఆ చట్టం తలమీద వేలాడుతుండటమే 8వ అధికరణం కాపాడే వ్యక్తిగత జీవితానికి భంగమని 1988 అక్టోబరు 26న కోర్టు ఒప్పుకుంది. ఎనిమిది మంది ఒకవైపు, ఆరుగురు మరోవైపు.

అప్పుడు ప్రధానమంత్రి హాహీ. 1992లో పదవి దిగేదాకా చట్టం కదల్లేదు. ఆ తరువాత న్యాయశాఖ మంత్రి అయిన పోడ్రిగ్ ఫ్లిన్ కాజిల్‌బార్ బిడ్డే. ఆయన హయాంలోనూ కదల్లేదు. చివరికి 1993లో మారా గేగన్-క్విన్ చట్టం తెచ్చారు. దానిపై సంతకం పెట్టిన రాష్ట్రపతి ఎవరో కాదు, నోరిస్ న్యాయవాది మేరీ రాబిన్‌సన్. తీర్పుకూ చట్టానికీ మధ్య దాదాపు అయిదేళ్లు గడిచాయి. ఆ తీర్పు చాలా దూరం కూడా వెళ్లింది. 2018 సెప్టెంబరు 6న మన సుప్రీంకోర్టు 377వ సెక్షన్‌పై ఇచ్చిన తీర్పులో స్ట్రాస్‌బర్గ్ తీర్పుల ప్రస్తావన ఉంది.

ఆగిన చోట్లు

పత్రం పెరుగుతుందని చెప్పిన కోర్టే కొన్నిచోట్ల ఆగింది. 1986లో జాన్‌స్టన్ కేసులో, పెళ్లాడే హక్కు నుంచి విడాకుల హక్కును పిండలేమని తేల్చింది. రాసినవారు కావాలనే వదిలేసిన దాన్ని వ్యాఖ్యానంతో చేర్చలేమన్నది దాని వాదం. అదే కేసులో, పెళ్లి కాని తల్లిదండ్రుల బిడ్డకు చట్టం తక్కువ స్థానం ఇవ్వడం తప్పని చెప్పింది. మరుసటి ఏడాదే పిల్లల హోదా చట్టం వచ్చింది. విడాకులను మాత్రం 1995 నవంబరులో ఐర్లండ్ ప్రజలే ప్రజాభిప్రాయ సేకరణలో, దాదాపు తొమ్మిది వేల ఓట్ల తేడాతో, తెచ్చుకున్నారు.

గర్భస్రావం విషయంలోనూ అంతే. 2010 డిసెంబరు 16న స్ట్రాస్‌బర్గ్ కోర్టు విస్తృత ధర్మాసనం ముగ్గురు మహిళల కేసును చూసింది. నైతికంగా ప్రజలు చీలిపోయిన విషయంలో దేశాలకు వెసులుబాటు ఉంటుందని ఇద్దరి ఫిర్యాదును కొట్టివేసింది. కేన్సర్ బాధితురాలైన మూడో మహిళకు ప్రాణాపాయం ఉంటే రాజ్యాంగం ప్రకారం హక్కు ఉన్నా, దాన్ని తేల్చుకునే దారి లేకపోవడం తప్పని చెప్పింది. ఏరీ తర్కమే ఇది.

ఆ తీర్పును చట్టం చేసే భారం కాజిల్‌బార్‌లో పుట్టిన ఎండా కెన్నీ మీద పడింది. ఆయన 1975 నుంచి 2020 దాకా మేయో ప్రతినిధి, 2011లో ప్రధానమంత్రి అయ్యారు. 2012 అక్టోబరులో గాల్వే ఆసుపత్రిలో గర్భస్రావానికి నిరాకరణ ఎదురైన, కర్ణాటకకు చెందిన దంత వైద్యురాలు సవితా హలప్పనవర్ మరణంతో ఇక వాయిదాకు చోటు లేకపోయింది. 2013లో చట్టం వచ్చింది. తాను కేథలిక్కునే గానీ కేథలిక్కుల ప్రధానమంత్రిని కానని కెన్నీ పార్లమెంటులో చెప్పుకోవలసి వచ్చింది. 2018 మేలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో రాజ్యాంగ నిషేధమే పోయింది. మేయో కూడా దాన్ని తీసేయాలనే ఓటేసింది.

ఇప్పటి స్థితి

2003 చివరి నుంచి ఒడంబడిక ఐర్లండ్ కోర్టుల్లో నేరుగా ప్రస్తావించదగినదైంది. మగ్వైర్ మాటకు గడువు అప్పటితో తీరింది. హక్కుకు పౌరసత్వంతో పని లేదు. ఒడంబడిక 1వ అధికరణం దేశ పరిధిలో ఉన్న ప్రతి మనిషినీ కలుపుకుంటుంది కనుక, కాజిల్‌బార్‌లోని మేయో విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో భారతీయ పాస్‌పోర్టుతో పనిచేసే నర్సుకూ అది వర్తిస్తుంది. స్ట్రాస్‌బర్గ్‌కు వెళ్లాలంటే ముందు కాజిల్‌బార్ కోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా దేశంలోని మెట్లన్నీ ఎక్కాలి. తుది తీర్పు నుంచి నాలుగు నెలల్లో దరఖాస్తు పంపాలి. 2022కు ముందు ఆరు నెలలు ఉండేది. నేడు 46 దేశాలు ఈ కోర్టు పరిధిలో ఉన్నాయి. రష్యాను 2022లో వెళ్లగొట్టారు. అదే ఏడాది నవంబరులో ఐర్లండ్ న్యాయమూర్తి షీఫ్రా ఓలియరీ ఆ కోర్టు అధ్యక్షురాలయ్యారు. ఆ పదవిలో కూర్చున్న తొలి మహిళ ఆమె.

ఐర్లండ్ కోర్టుల్లో కేసులు ఏళ్ల తరబడి సాగుతాయని, దానికి పరిహారం అడిగే సరైన దారి కూడా లేదని విస్తృత ధర్మాసనం 2010 సెప్టెంబరులో మెక్‌ఫార్లేన్ కేసులో తప్పుపట్టింది. జాప్యానికి పరిహారం ఇచ్చే చట్టం 2024లో వచ్చింది.