త్రీపాయింట్ లింకేజీ

ట్రాక్టరు వెనక రెండు లోయర్ లింకులు, వాటికి పైన ఒక టాప్ లింకు కలిసి నాగలినో గొర్రునో మూడు చోట్ల పట్టుకునే అమరిక. దీంతో డ్రైవరు సీటు దిగకుండానే పనిముట్టును ఎత్తి దించవచ్చు. దీని సృష్టికర్త ఐర్లండులోని డౌన్ కౌంటీలో పుట్టిన హారీ ఫెర్గూసన్ (1884–1960).

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో తిండిగింజల కొరత ముంచుకొస్తుంటే, 1917లో ఐర్లండు వ్యవసాయ శాఖ ట్రాక్టర్ల పనితీరు మెరుగుపరిచే బాధ్యతను ఫెర్గూసన్‌కు అప్పగించింది. అప్పటి ట్రాక్టర్లు నాగలిని ఎద్దుల్లాగే వెనక ఈడ్చుకుపోయేవి. నాగలి రాయికో మొద్దుకో తట్టుకుంటే ముందు చక్రాలు గాలిలోకి లేచి బండి డ్రైవరు మీదికి తిరగబడేది. ఫోర్డ్‌సన్ ట్రాక్టర్ల మీద ఇలా రైతులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఫెర్గూసన్ ఆలోచన ఇక్కడే గొప్పది. నాగలి నేలలో దిగి లాగుతున్నప్పుడు టాప్ లింకు ట్రాక్టరును ముందుకు నెడుతుంది, ఆ నెట్టుడు ముందు చక్రాలను కింద అదిమి ఉంచుతుంది. 1925లో పేటెంటుకు దరఖాస్తు చేసిన హైడ్రాలిక్ పద్ధతి ఆ నెట్టుడునే కొలతగా తీసుకుంది. నేల గట్టిపడి లాగుడు పెరిగితే నాగలి కాస్త లేస్తుంది, తగ్గితే దిగుతుంది.

1936లో డేవిడ్ బ్రౌన్ కర్మాగారం ఈ పద్ధతితో ట్రాక్టర్లు తయారుచేసింది. 1938లో ఫెర్గూసన్, హెన్రీ ఫోర్డ్ కాగితం రాసుకోకుండా చేతులు కలిపి ఒప్పందం చేసుకున్నారు. మరుసటి ఏడాది ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టరు వచ్చింది. 1947లో పొత్తు చెడింది. ఫోర్డ్ కంపెనీ మీద ఫెర్గూసన్ వేసిన దావా 1952లో 92.5 లక్షల డాలర్లకు రాజీ అయింది. ఈలోగా ఇంగ్లండులోని కొవెంట్రీలో 1946 నుంచి 1956 వరకు టీఈ20 ట్రాక్టర్లు 5 లక్షలకు పైగా తయారయ్యాయి.

పాత టీఈ20కి పనిముట్టు తగిలించేటప్పుడు ముందు ఎడమ లింకు, తరవాత కుడిది, చివర టాప్ లింకు వేస్తారు. కుడి లిఫ్ట్ రాడ్డుకు తిప్పే హ్యాండిల్ ఉంటుంది కనుక ఆ వైపు ఎత్తును పిన్నుకు సరిపెట్టుకోవచ్చు. విప్పేటప్పుడు వరస తిరగబడుతుంది. టాప్ లింకును పొట్టి చేస్తే నాగలి ముక్కు నేలలోకి పొడుచుకుంటుంది, పొడవు చేస్తే వెనక భాగం దిగుతుంది. హైడ్రాలిక్ పంపు, ఇంజను శక్తిని పనిముట్టుకు అందించే పీటీఓ షాఫ్టు మీదే తిరుగుతుంది. పీటీఓ లివరు వేయకపోయినా, క్లచ్ తొక్కిపట్టినా లిఫ్టు లేవదు. పంపు పోయిందనుకుని విప్పే ముందు చూడవలసింది ఇదే.

వరి రైతుకు మాత్రం ఈ పద్ధతి మొదట్లో సగమే అక్కరకొచ్చింది. దమ్ము మడిలో మెత్తటి బురద ఇచ్చే ప్రతిఘటన తక్కువ, కాబట్టి లాగుడును బట్టి లోతు సరిచేసే విధానానికి అక్కడ ఆధారమే సరిగా దొరకదు. లివరు ఎక్కడ పెడితే పనిముట్టు అక్కడే నిలిచే పొజిషన్ కంట్రోల్ ఆ పనికి ఎక్కువ అవసరం. ఫోర్డు 8ఎన్‌లో అది 1947లో, ఫెర్గూసన్ ఎఫ్‌ఈ35లో 1956లో వచ్చింది. మన వైపు మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లు తయారుచేసిన టాఫే కంపెనీ 1960లో మద్రాసులో ఏర్పడింది.

వరికి పేరుపడ్డ బర్మా సంగతి వేరు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు బర్మా ఏటా 30 లక్షల టన్నుల దాకా బియ్యం ఎగుమతి చేసేది. కోరంగి, కాకినాడ రేవుల నుంచి వెళ్ళిన తెలుగు కూలీలు రంగూన్ బియ్యం మిల్లుల్లో, రేవులో చెమటోడ్చారు. అంత ఎగుమతి వెనక ఉన్న ఇరావతీ డెల్టా పొలాలను దున్నింది మాత్రం ఎద్దులూ దున్నపోతులే. 1954లో జపానుతో కుదిరిన యుద్ధ నష్టపరిహార ఒప్పందం వల్ల తరవాతి దశకంలో బర్మాలో వ్యవసాయ యంత్రాల తయారీకి జపాను కంపెనీ కుబోటా తోడ్పడింది. ఆ కంపెనీయే తరవాతి కాలంలో యాంగాన్ (నాటి రంగూన్) పక్కన తిలవా ప్రత్యేక ఆర్థిక మండలిలో కేంద్రం పెట్టింది. మళ్ళీ లింకేజీకి వస్తే, నేటి చిన్న ట్రాక్టర్లలో వాడే కేటగిరీ 1 కొలతల ప్రకారం టాప్ లింకు పిన్ను వ్యాసం 19 మిల్లీమీటర్లు, లోయర్ లింకు పిన్నులది 22 మిల్లీమీటర్లు. టీఈ20 పనిముట్ల కొలతలూ ఇవే కాబట్టి, పాత పనిముట్టును కొత్త బండికి తగిలించేందుకు వెల్డింగు అక్కర్లేదు.