మందు చీటీలో సున్న

పాఠశాలలో లెక్క చేయునపుడు దశాంశ బిందువు ఒక స్థానము తప్పినచో విద్యార్థికి పోవునవి ఒకటి రెండు మార్కులు. ఆసుపత్రిలో అదే బిందువు తప్పినచో రోగికి చేరు మందు పదింతలగును, లేదా పదవ వంతగును. మందులను కనిపెట్టిన వారి చరిత్ర పాఠ్యపుస్తకములలో కలదు. ఆ మందును ఎవరికి, ఎంత, ఎప్పుడు ఇయ్యవలెనో కాగితముపై వ్రాయు పద్ధతికిని ఒక చరిత్ర కలదు.

ఆసుపత్రిలో వైద్యుడు వ్రాసిన దానిని మందుల గదిలో ఒకరు చదువుదురు. వార్డులోని నర్సు దానిని చార్టులోనికి ఎక్కించును. ఆ చార్టును చూచి మరొక నర్సు మందు ఇచ్చును. ఇన్ని చేతులు మారు వ్రాతలో ఒక గుర్తు అస్పష్టముగా నున్నచో, తరువాతి వారందరు మంచి మనస్సుతోనే ఆ తప్పును ముందుకు నడిపింతురు.

మెట్రిక్ పద్ధతి వ్యాపింపక పూర్వము ఇంగ్లండులోను, ఆంగ్లేయుల పాలనలో మన దేశమునను మందులను గ్రెయిను, డ్రాము, ఔన్సులలో కొలుచుచుండిరి. 60 గ్రెయినులు ఒక డ్రాము. 8 డ్రాములు ఒక ఔన్సు. డ్రామునకు, ఔన్సునకు వాడు గుర్తులు ఇంచుమించు ఒక్కటే. ఔన్సు గుర్తునకు పైన ఒక గీత అధికము. ఆ గీత విడిచినచో మందు ఎనిమిదవ వంతగును. పొరపాటున పడినచో ఎనిమిదింతలగును. గ్రాము వాడుకలోనికి వచ్చిన పిదప మరొక చిక్కు కలిగెను. గ్రెయిను సుమారు 65 మిల్లీగ్రాములు మాత్రమే. ఈ రెండు పదముల పొట్టి రూపములు ఒకదానిని ఒకటి పోలియుండును. గ్రెయినును గ్రామని చదివినచో మోతాదు 15 రెట్లు పెరుగును.

1921లో టొరంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అనువారు ఇన్సులిన్‌ను వేరుచేయుటలో కృతకృత్యులైరి. తొలినాటి సారము స్వచ్ఛమైనది కాదు. ఒకసారి తయారైన దాని బలము మరొకసారి తయారైన దానికి ఉండెడిది కాదు. అందుచే తూకము చెప్పిన ప్రయోజనము లేకపోయెను. కుందేలు రక్తములోని చక్కెరను అది ఎంత తగ్గించునో చూచి, ఆ ఫలితమును బట్టి ‘యూనిట్’ అను కొలతను ఏర్పరచిరి. ఇది చక్కని ఉపాయమే. కాని వైద్యులు ఆ మాటకు బదులు దాని మొదటి ఆంగ్లాక్షరమును మాత్రము అంకె ప్రక్కన వ్రాయుట అలవాటు చేసికొనిరి. గిన్నె వంటి ఆ అక్షరము తొందరలో పైభాగమున మూసికొనిపోయినచో సున్నవలె కనబడును. అపుడు 4 యూనిట్లు 40 అగును! ఇన్సులిన్ అంతగా అధికమైనచో రక్తములోని చక్కెర పడిపోయి రోగి స్పృహ తప్పును. వెంటనే గుర్తింపనిచో ప్రాణమే పోవచ్చును.

ఇట్టి పొరపాట్లు ఎన్ని జరుగును? చిరకాలము ఆసుపత్రులు తమ రిజిస్టర్లను చూచి, బహు స్వల్పమని తలచుచుండెను. 1962లో అమెరికాలో బార్కర్, మెక్‌కానెల్ అనువారు తమ పరిశోధన ఫలితములను ప్రకటించిరి. నర్సులు మందు ఇచ్చునపుడు ప్రక్కన నిలిచి చూచుట, చూచిన దానిని వైద్యుని వ్రాతతో పోల్చుట — ఇదియే వారి పద్ధతి. సుమారు ఆరు మోతాదులకు ఒకదానిలో ఏదో ఒక తేడా కనబడెను. ఆ లెక్కన ఏడాదికి 51,200 పొరపాట్లని అంచనా. రిజిస్టరుకెక్కినవి 36 మాత్రమే! అన్నియు ప్రాణాంతకములు కావు. కాని తప్పు జరిగినదని తెలియక కొందరు, తెలిసినను శిక్షకు వెరచి కొందరు వ్రాయకుండిరి. తప్పును దండించినంత మాత్రమున అది తగ్గదు; దాగును.

అందుచే పద్ధతినే మార్చు యత్నములు మొదలయ్యెను. 1960 తరువాతి దశాబ్దమున, పెద్ద సీసాల నుండి నర్సు కొలిచి ఇచ్చుటకు బదులు, ప్రతి మోతాదును మందుల గదిలోనే విడిగా కట్టి, పేరు వ్రాసి వార్డునకు పంపు విధానము వచ్చెను. పొరపాట్లు తగ్గెను, కాని అంతరింపలేదు. 1994లో బోస్టన్ నగరమున ఒక క్యాన్సరు ఆసుపత్రిలో, నాలుగు దినములకు కలిపి ఇయ్యవలసిన మందును ప్రతిదినము అంతేసి చొప్పున ఇచ్చిరి. రోగి మరణించెను. ఆ మోతాదు మొత్తమునకా, దినమునకా అన్నది కాగితముపై తేటగా లేదు. చదివినవారు అనుభవము లేనివారు కారు. అయినను, మరుసటి ఏడాది ఫిబ్రవరిలో లెక్కలు సరిచూచువరకు ఆ తప్పు బయటపడలేదు.

2004లో అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చు సంస్థ వాడరాని గుర్తుల పట్టికను అమలులోనికి తెచ్చెను. యూనిట్ అను మాటను పూర్తిగా వ్రాయవలెను. 1 అని వ్రాయవలసినచోట 1.0 అని వ్రాయరాదు. బిందువు కానరానిచో అది 10 అగును. అరను .5 అని కాక 0.5 అని వ్రాయవలెను. ముందు సున్న లేనిచో అది 5 అగును. మన దేశమున 2016లో భారత వైద్య మండలి, మందుల పేర్లు స్పష్టముగను, వీలైనంతవరకు పెద్ద అక్షరములలోను వ్రాయవలెనని నియమము చేసెను.

నేడు పెక్కు ఆసుపత్రులలో కంప్యూటరు వచ్చి చేతివ్రాత చిక్కును తీర్చినది. కాని పట్టికలో ఒక వరుసకు బదులు దాని క్రింది వరుసను ఎన్నుకొను క్రొత్త పొరపాటును తెచ్చినది. యంత్రము మారినను సూత్రము మారలేదు: వ్రాయువాడు తనకు తెలియుటకు కాక, చదువువాడు మరొక విధముగా చదువుటకు వీలులేకుండ వ్రాయవలెను. భౌతికశాస్త్రపు లెక్కలో జవాబు ప్రక్కన ప్రమాణమును వ్రాయలేదని ఉపాధ్యాయుడు మార్కు తగ్గించుట చాదస్తము కాదు. రేపటి వైద్యుడును, నర్సును ఆ తరగతిలోనే కూర్చుండియుందురు.