భార్యను విదేశానికి పిలిపించుకోవాలంటే.. పెళ్లి పత్రమే తొలి మెట్టు

డొంకూరు (ఇచ్ఛాపురం మండలం): ఉద్దానం తీర గ్రామాల యువకులు వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, రిగ్గర్లుగా గల్ఫ్ దేశాలకు, సింగపూర్‌కు వెళ్లడం ఏళ్లుగా సాగుతున్నదే. సెలవుపై వచ్చి పెళ్లి చేసుకోవడం, నెల తిరక్కుండానే భార్యను కన్నవారింటనో, అత్తవారింటనో వదిలి విమానం ఎక్కడమూ మామూలైంది. జీతం కాస్త పెరిగి ఆమెను తీసుకెళ్లాలనుకున్నప్పుడే అసలు చిక్కు బయటపడుతుంది. ఊరంతా చూసిన పెళ్లికి కాగితం ఉండదు.

అర్హత ముందు తెలుసుకోవాలి

భార్యకు వీసా ఇప్పించే వీలు భర్త వీసా రకం, జీతంపై ఆధారపడి ఉంటుంది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2019లో వృత్తి షరతును తొలగించి ఆదాయాన్నే ప్రాతిపదికగా తీసుకుంది. నెలకు 4,000 దిర్హాంలు, లేదా 3,000 దిర్హాంలతోపాటు వసతి ఉండాలి. కంపెనీ క్యాంపులోని మంచం ఈ లెక్కలోకి రాదు. కాపురానికి తగిన ఇల్లు, దానికి అద్దె ఒప్పందం చూపాలి. కువైట్ 2024 జనవరిలో కుటుంబ వీసాలను తిరిగి ప్రారంభించినప్పుడు 800 దీనార్ల జీతం షరతు విధించింది. సింగపూర్‌లో ఎంప్లాయ్‌మెంట్ పాస్ లేదా ఎస్ పాస్ ఉండి, నెలకు కనీసం 6,000 సింగపూర్ డాలర్ల స్థిర జీతం ఉన్నవారికే ఈ అవకాశం. వర్క్ పర్మిట్‌పై ఉన్నవారికి లేదు. సందర్శక వీసాపై రప్పించి అక్కడ మార్పిస్తామనే దళారీల మాట నమ్మి అప్పు చేయడం తగదు.

పేర్లతోనే పేచీ

తిరస్కరణలకు, జాప్యానికి దారితీసే వాటిలో పేర్ల తేడా ముఖ్యమైనది. పదో తరగతి ధ్రువపత్రంలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో మెట్టినింటి ఇంటిపేరు, పాస్‌పోర్టులో ఒట్టి పొడి అక్షరం.. ఇలా ఒకే మహిళ మూడు పేర్లతో కనిపిస్తుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలని చట్టమేదీ నిర్బంధించదు. చదువు పత్రాల్లోని పేరునే అన్నింటా కొనసాగించడం సులువైన మార్గం. పాస్‌పోర్టులో భార్య లేదా భర్త పేరు చేర్చడానికి వివాహ ధ్రువపత్రం గానీ, ఇద్దరి ఫొటోతో కూడిన ఉమ్మడి ప్రకటన గానీ సరిపోతుంది. భర్త తన పాస్‌పోర్టులో ఈ మార్పును తానున్న దేశంలోని భారత రాయబార కార్యాలయం ద్వారా చేయించుకోవచ్చు.

సరిహద్దు మండలం కావడంతో ఇక్కడ మరో చిక్కుంది. గంజాం జిల్లా నుంచి కోడళ్లు రావడం, అక్కడికి ఆడపిల్లలను ఇవ్వడం పరిపాటి. ఒడిశాలో నమోదైన పెళ్లి పత్రాన్ని ఆ రాష్ట్రమే ధ్రువీకరించాలి, ఆంధ్రప్రదేశ్ అధికారులు చేయరు. ఒడియాలో ఉన్న పత్రాలకు ఆంగ్ల అనువాదమూ కావాలి.

సెలవు మొదటి వారంలోనే..

హిందూ వివాహ చట్టం కింద సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో నమోదుకు దంపతులిద్దరూ స్వయంగా హాజరు కావాలి. శుభలేఖ, పెళ్లి ఫొటో, వయసు, చిరునామా రుజువులు, సాక్షులు అవసరం. సెలవు ముగిసే రోజుల్లో పరుగెత్తితే ఒక్క అక్షర దోషమున్నా సరిదిద్దుకునే వ్యవధి ఉండదు.

నమోదయ్యాక ధ్రువీకరణ. ఎమిరేట్స్, కువైట్, ఖతార్ హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో లేవు. అందువల్ల రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, ఆ దేశ రాయబార కార్యాలయం వరుసగా ముద్ర వేయాలి. చివరగా అక్కడి విదేశాంగ శాఖ ముద్ర. సౌదీ అరేబియా, ఒమన్, బహ్రెయిన్, సింగపూర్ ఒప్పందంలో ఉన్నందున మన విదేశాంగ శాఖ ఇచ్చే అపోస్టిల్ చాలు. ముద్రలు అసలు పత్రంపైనే పడతాయి కాబట్టి దానికి లామినేషన్ చేయించరాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చూసిన ఊళ్లలో కాగితాలు తడుస్తాయన్న భయం సహజమే. ప్లాస్టిక్ సంచిలో భద్రపరచి, నకలు ఒకటి అదనంగా తీసుకుంటే ఆ భయం తీరుతుంది.

మూత్రపిండాల వ్యాధి ఉంటే..

ఈ ప్రాంతంలో చాలామందిని వేధించే సందేహమిది. కెనడా వలస వైద్య పరీక్షల్లో రక్తంలోని క్రియాటినిన్‌ కూడా చూస్తారు. అయితే కెనడా పౌరులు, శాశ్వత నివాసులు పిలిపించుకునే భార్య లేదా భర్త దరఖాస్తును వైద్య ఖర్చు అధికమవుతుందన్న కారణంతో తిరస్కరించడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. వ్యాధిని దాచడం మాత్రం ప్రమాదం. తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే 5 ఏళ్ల నిషేధం పడవచ్చు.

పదో తరగతి చదవని భార్యకు ఈసీఆర్ పాస్‌పోర్టు వస్తుంది. దానివల్ల ప్రయాణం ఆగదు. ఉద్యోగం కోసం కాకుండా వెళ్లేవారికి 2007 అక్టోబరు నుంచి వలస అనుమతి అవసరం లేదు. చెల్లుబాటయ్యే వీసా, తిరుగు టికెట్ చూపాలి. కుటుంబ వీసాపై ఎమిరేట్స్ వెళ్లాక ఏదైనా పనిలో చేరాలంటే అక్కడి కార్మిక శాఖ నుంచి విడిగా పని అనుమతి తీసుకోవాలి.