లిపాయిడ్ ప్రొటీనోసిస్: శ్వాసమార్గ సంకోచం, చికిత్స

లిపాయిడ్ ప్రొటీనోసిస్ అరుదైన వంశపారంపర్య చర్మవ్యాధి. 1929లో ఉర్బాఖ్, వీథె అనే వైద్యులు దీన్ని వర్ణించారు. ఈసీఎం1 జన్యులోపమే కారణమని 2002లో తేలింది. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఆ లోపం సంక్రమిస్తేనే వ్యాధి వస్తుంది. అందుకే మేనరికాల వల్ల ముప్పు పెరుగుతుంది.

లక్షణాలు: పసితనం నుంచే బొంగురు గొంతు, కనురెప్పల అంచున పూసల వరుసలాంటి బొడిపెలు, మందమైన నాలుక. స్వరపేటికలో ప్రొటీను పదార్థం పేరుకుని గాలిదారి ఇరుకవుతుంది.

చికిత్స: పూర్తిగా నయం చేసే మందు లేదు. మైక్రోలారింగోస్కోపీ (సూక్ష్మదర్శినితో స్వరపేటికను చూసే ప్రక్రియ) చేసి, పేరుకున్న పదార్థాన్ని పరికరాలతో గానీ కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తో గానీ తొలగిస్తారు. మళ్లీ పేరుకుంటే మళ్లీ చేయాల్సి రావచ్చు. ఊపిరి అందని స్థితిలో ట్రకియాస్టమీ (మెడ దగ్గర శ్వాసనాళానికి రంధ్రం) చేస్తారు. ఎవరికైనా ఊపిరి పీల్చేటప్పుడు గొంతులో కూత వినిపిస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.